ఎలుగుబంటి తల

ఎలుగుబంటి తలని చేతుల్లోకి తీసుకోగానే మిమిక్రీ ముక్కు పక్కకి తిప్పుకున్నాడు.

లోపలి మెత్త అంతా తడి. దానికి అంటుకుని నాలుగు వెంట్రుకలు. తడిగుడ్డలు మూటగట్టి మరిచిపోతే వచ్చే కంపు.

"స్నానం చేసి ఎన్నాళ్లయిందయ్యా నువ్వు?"

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మొద్దు గోడవైపే చూస్తున్నాడు.

మొద్దు అతని అసలు పేరు కాదు, మిమిక్రీ పెట్టిన పేరు. బొమ్మల దుకాణం గుమ్మంలో ఎలుగుబంటి వేషం వేసుకుని పిల్లలకు చేతులూపడం ఇద్దరి ఉద్యోగం. మధ్యాహ్నం దాకా మొద్దు, ఆ తర్వాత మిమిక్రీ. మనుషులిద్దరైనా వేషం ఒక్కటే. ఒకడి చెమట ఇంకొకడు మొహానికి పూసుకోవాల్సిన ఖర్మ.

మిమిక్రీ ఒకప్పుడు స్టేజీ మీద పక్షుల్నీ, రైళ్లనీ, మంత్రుల్నీ ఒక్క గొంతుతో పలికించినవాడు; ఆ పేరు అలా వచ్చిందే. రాయినైనా నవ్విస్తానని గొప్పలు పోయేవాడు. అలాంటివాడు ఈ మనిషి నోట్లోంచి "ఊఁ" తప్ప ఇంకో మాట రాబట్టలేకపోయాడు. జోకులేశాడు. సూపర్‌వైజరు నడక నడిచి చూపించాడు. ఆ మొహంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

"వాడికి పొగరు సార్. మనమంటే లెక్కలేదు," అని సూపర్‌వైజరుతో అనేవాడు.

పొగరు సరే, ఆ మురికి మాటేమిటి? గోళ్లనిండా మట్టి. పళ్లమీద పాచి. ఎప్పుడు చూసినా అదే చొక్కా, మెడ దగ్గర జిడ్డుతో అట్టకట్టి. మిమిక్రీ ఆ తల లోపల సెంటు కొట్టి చూశాడు. కంపు పోలేదు సరికదా, దానికి పూల వాసన తోడై మరీ అసహ్యంగా తయారైంది.

కూతురు పుట్టిన మర్నాడు మిమిక్రీ పొద్దున్నే వచ్చి అందరికీ చాక్లెట్లు పంచాడు.

"ఇదిగో, నువ్వూ తీసుకో. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం!"

మొద్దు చాక్లెట్ అందుకున్నాడు. చూపు మాత్రం మిమిక్రీని దాటి, వెనకున్న అట్టపెట్టెల మీద ఆగింది.

"నీతోనేనయ్యా! కూతురు పుట్టింది!"

"ఊఁ."

చీమ కుట్టినట్టయినా లేదు. మిమిక్రీకి ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం ఎలుగుబంటి పంజాలో వేళ్లు దూర్చేసరికి జిగటగా, వెచ్చగా ఏదో తగిలింది. వేళ్లు బయటికి తీస్తే కరిగిన చాక్లెట్, దానిలో కలిసిపోయిన మట్టి. ఛీ అని పంజాని నేలకేసి కొట్టాడు. తన పిల్ల కోసం పంచిన తీపిని బురద చేసి మొహాన కొట్టినట్టనిపించింది.

ఆ పంజాతోనే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు.

"వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి సార్."

సూపర్‌వైజరు పంజా వాసన చూసి మొహం చిట్లించాడు. ముందురోజే ఒక తల్లి ముక్కు మూసుకుని పిల్లాణ్ణి లాక్కుపోయింది.

"ఉన్నట్టుండి పొమ్మంటే పాపం..."

"పాపమేంటి సార్! పందికి బురద ఎంతో వాడికి మురికి అంత. ఒళ్లు కడుక్కుంటే చేతులరిగిపోతాయా?"

మొద్దుని ఆ పూటే మానిపించారు. రేపట్నుంచి రావద్దంటే, "ఊఁ" అని వెళ్లిపోయాడు.

మిమిక్రీ ఎలుగుబంటిని సబ్బు నీళ్లలో నానబెట్టి బ్రష్షుతో తోమాడు. నల్లటి నురగ కాలవలోకి పోతుంటే పీడ విరగడైందనుకున్నాడు. ఇక రోజంతా ఆ పని తనదే.

కొన్నాళ్లకి మొద్దు అక్క దుకాణానికి వచ్చింది.

"మా తమ్ముణ్ణి మళ్లీ పనిలోకి తీసుకోండి సార్. మంచం దిగడం లేదు."

"శుభ్రత లేదమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

"అది బద్ధకం కాదు సార్. మనసుకి జబ్బు మొదలైంది. మాకూ తెలీక తిట్టాం, నెత్తిన నీళ్లు గుమ్మరించాం. లేని గొంతులు వినపడటమే ఈ జబ్బనుకుంటాం కదా. అంతకన్నా ముందే మాట తగ్గిపోతుందట, నవ్వు పోతుందట. లేచి మొహం కడుక్కోవడం కూడా కొండెక్కినంత పనవుతుందట. లోపల అన్నీ ఉంటాయి, బయటికి రావంతే అన్నారు డాక్టరుగారు."

"మరి ఇక్కడికి రోజూ ఎలా వచ్చేవాడమ్మా?" అన్నాడు మిమిక్రీ నమ్మలేనట్టు.

"ఆ తల పెట్టుకుంటే ఎవరూ నవ్వమని అడగరన్నాడన్నయ్యా. ఇల్లు కదిలేది ఈ ఒక్క పని కోసమే. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. రోజూ నేనే స్నానం చేయించి పంపిస్తాను. పూర్తిగా కాకపోయినా, ఒక పూటైనా ఇప్పించండి."

సూపర్‌వైజరు మిమిక్రీ వైపు చూశాడు.

మిమిక్రీ చూపు తిప్పుకున్నాడు. "నాకూ సంసారముంది సార్. చంటిపిల్ల ఉంది."

ఆమె దణ్ణం పెట్టి, మెట్లు దిగి, జనంలో కలిసిపోయింది.

సూపర్‌వైజరు గుమ్మంవైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు మొదటిసారి వచ్చినరోజు, ఇంట్లో ఆవిడ నిండు నెలలతో ఉంది, ఏ పనైనా ఇవ్వండని ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చావు. ఖాళీ లేదని పంపించేశాను."

"మర్నాడు మీరే కబురు చేశారుగా సార్?"

"చేశాను. ఎందుకు చేశానో, అతన్ని తీసెయ్యమన్నరోజే నీకు చెప్పాల్సింది. ఆ కంపుకి నాకూ విసుగొచ్చి నోరు మూసుకున్నాను."

"ఎందుకు చేశారు సార్?"

"నువ్వటు వెళ్లగానే అతను ఆ ఎలుగుబంటి తల తీసేసి నా దగ్గరికొచ్చాడు, ఇక్కడున్నన్నాళ్లలో నోరు విప్పి మాట్లాడింది అదొక్కసారే, 'నా పనిలో సగం ఆయనకివ్వండి' అన్నాడు."