తుప్పుకి మందు

బియ్యం డ్రమ్ము వెనకనుంచి ఎస్తేరమ్మ కూల్‌డ్రింక్ సీసా పైకి తియ్యగానే ఆమె మొగుడు జకరయ్య గుండె గుభేలుమంది.

"అదెందుకు మే?"

"డైమండ్ పలకకి తుప్పు పట్టినాది. కూల్‌డ్రింక్ పోసి నానబెడితే పోతుందంట. ఫోన్‌లో చూపిచ్చినారు."

పేరు చూసి మోసపోకండి. ఆ డైమండ్ మెడలో వేసుకునేది కాదు. కత్తి నూరుకునే ఇనప పలక, పైన కాస్త వజ్రపు పొడి అద్ది ఉంటుంది. బోగోలు మార్కెట్లో చేపలు కోసే ఎస్తేరమ్మకి అన్నం పెట్టేది అదే. ఉప్పుచేతులు తగిలీ తగిలీ, ఉప్పుగాలికి అది కాస్తా ఎర్రగా తుప్పెక్కింది.

ఇక సీసా సంగతి. మొన్న ఈస్టర్ నాడు జకరయ్య చర్చిలో అందరి ముందూ మోకరించి, ఇక మందు ముట్టనని మాటిచ్చాడు. పాస్టరు గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ళు ఆరకముందే మనవాడికి రొంప పట్టింది. రొంపకి మందు పడాలి కదా! నిన్న గూడూరు నుంచి నిమ్మకాయల సంచి అడుగున బ్రాందీ తెచ్చి, ఆ సీసాలో పోసి దాచుకున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే గుట్టు రట్టు. విప్పకపోతే మందు తుప్పుపాలు.

"నిమ్మకాయతో రుద్దరాదా? నిన్ననేగా సంచెడు తెచ్చినా," అన్నాడు దిబ్బడేసిన ముక్కుతో.

"అయిపోయినాయి."

"సంచెడా?"

"ఎండలు కదయ్యా."

పలకని ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, గుడగుడమని సగం సీసా వంచేసింది. జకరయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చూసేవాళ్ళకి ప్రార్థన చేసుకుంటున్నట్టే ఉంది.

కాసేపయ్యాక ఎస్తేరమ్మ పాత పళ్ళ బ్రష్‌తో రుద్దింది. తుప్పంతా ఊడొచ్చింది. సబ్బునీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడిచేసరికి పలక తళతళలాడింది.

"చూడయ్యా, ఇనుము మీద తుప్పునే తినేసింది. ఇది తాగేవాళ్ళ పేగులు ఏం కావాలో!"

జకరయ్య చెయ్యి తనకి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. పాస్టరు గారు వర్ణించి వర్ణించి చెప్పిన నరకానికి బెదరని మనిషి, ఈ టబ్బు చూసి బెదిరిపోయాడు. మిగిలిన సగం సీసా లాక్కుని, తన చేత్తోనే కాలవలో పారబోశాడు. ఒక్క చుక్క మిగల్చలేదు. ఈసారి నిజంగానే మానేశాడు.

"రొంపకి మిరియాల కషాయం పెట్టు మే," అని గొణిగి మంచమెక్కాడు.

"పెడతాలే, పడుకో," అని ఎస్తేరమ్మ పెరట్లోకి పోయి, సంచెడు పిండేసిన నిమ్మతొక్కల్నీ, రంగు కోసం కాచిన చిక్కటి టీ పిప్పినీ గబగబా గుంటలో పూడ్చిపెట్టింది.