వణకని బల్బు

మిట్టకో గాలిమర వచ్చి, పెద్ద కరెంటు లైన్లు పాతబడిపోయిన కాలమది. సుంకమ్మకూ, గుట్ట అవతల ఉండే అన్న మద్దిలేటికీ కలిపి ఒకటే గాలిమర. గాలి తగ్గిన రోజు మోటారు ఎవరు వేసుకోవాలన్న దగ్గర మాటామాటా పెరిగి, ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి.

అయినా పొద్దుగూకేసరికి ఆమె బల్బు కిందికి చేరేది. అన్న గొర్రెల తొట్టికి మోటారు వేయగానే ఇక్కడ బల్బు వెలుగు కుంగి లేచేది. "ఉండాడులే" అనుకొని పొయ్యి ముట్టించేది. తనూ ఉత్త మిక్సీ ఒకసారి తిప్పేది, అక్కడి బల్బూ కుంగాలని.

ఒకరోజు మెకానిక్ వచ్చి గాలిమర కింద బ్యాటరీ పెట్టె బిగించాడు. "ఇంగ ఎవురేం ఏసుకున్యా నీ లైటు వణకదక్కా," అన్నాడు సంబరంగా.

పొద్దుగూకింది. బల్బు వణకలేదు. చీకటి పడినా సుంకమ్మకు పొయ్యి ముట్టించబుద్ధి కాలేదు. చివరికి పంతం వదిలి వాకిట్లోకొచ్చి, గుట్టవైపు తిరిగి గొంతు చించుకుంది.

"అన్నా, మోటారేసినావా?"

గాలి ఎదురు కొడుతోంది. ఆ కేక గుట్ట దాటలేదు. వెనక ఇంట్లో బల్బు మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉంది.