నేల గుంజిన జింక

వాగు మలుపులో కాలు జారి, జింక తోడేలు నోట పడబోయి కొద్దిలో తప్పించుకుంది. అప్పటినుంచి దానికి అదే బెంగ.

"గెంతకు. పొట్ట నేలకు దించి పరిగెత్తు," అంది ఉడుము. "పొట్టకూ నేలకూ మధ్య ఇరుకులో దూరిన గాలే నిన్ను కిందికి గుంజి పట్టుకుంటుంది."

జింక అలాగే పరిగెత్తింది. మలుపులో గిట్ట జారలేదు. పొట్టను ఏదో చల్లటి చెయ్యి లాగినట్టయింది. ఆ పట్టు దానికి తెగ నచ్చింది.

"ఇంకా గట్టిగా పట్టాలంటే ఎలా మామా?"

"మోకాళ్లు బిగించు. అవి ఊగితే పట్టు సడలుతుంది."

"గుంటలొస్తే మోకాళ్లే కదే కాచేది!" అని తాబేలు మొత్తుకుంది. జింక వినలేదు.

బిగించిన కాళ్లతో దూసుకుపోతుంటే గుంట తగిలి ఒళ్లు ఎగిరింది. నేల కిందికి గుంజింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ గుంజింది. ఆగుదామంటే మోకాళ్లు మడత పడలేదు. గుంజిన ప్రతిసారీ నేల ఇంకాస్త దగ్గరైంది.

తెల్లారేసరికి జింక లేదు. గాలి వీచకపోయినా, మలుపు పొడుగునా గడ్డి మాత్రం ఎవరో పరిగెడుతున్నట్టు వంగుతూ లేస్తోంది.

ఆ గడ్డి పక్కనే ఉడుము కుందేలుతో అంటోంది:

"మలుపులో జారుతున్నావటగా, అమ్మాయీ?"