మంచం దిగని మెట్లు

శ్రావణి తన ఇంటిని ముందు ఫోన్లో కట్టింది.

అదొక ఆట. బొమ్మ మనుషులుంటారు. వాళ్ళకి ఇల్లు కట్టాలి, పెళ్ళి చెయ్యాలి, ముసలివాళ్ళయితే చూస్తూ ఊరుకోవాలి.

అసలు ఇల్లు సాలూరులో, లారీలు తిరిగే రోడ్డు మీద. చిన్న డాబా. ముందు గదిలో టైర్ల షాపు పెట్టాలని ఆమె మొగుడు ధర్మేంద్ర ఆశ. ఆ గదిలో అతని తల్లి దేముడమ్మ పడుకుంటుంది.

షాపుకి అడ్డం ఆమే.

అందుకని ఆటలో శ్రావణి ముందు గదికి అద్దాల తలుపు పెట్టింది. మేడ మీద ఒక గది లేపి నీలం రంగు వేసింది. చోటు చాలక, బయటినుంచి గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు పెట్టింది. పై గదిలో ఒక ముసలి బొమ్మని కూర్చోబెట్టింది.

ధర్మేంద్ర మురిసిపోయాడు. మేస్త్రికి ఇదే చూపిద్దామన్నాడు.

దేముడమ్మకీ చూపించారు. ఆమెకి గుండె జబ్బు, మోకాళ్ళ వాపు.

“నాను ఎక్కలేన్రా. ఎక్కితే దిగలేను,” అంది.

“దిగడమెందుకే అమ్మా? కూడు పైకే వస్తాది,” అన్నాడు కొడుకు.

శ్రావణి నవ్వింది.

ఆటలో కట్టిన ఇళ్ళు ఒకరికొకరు చూపించుకునే గ్రూపు ఒకటుంది. శ్రావణి వీడియో అందులో పెట్టి, తప్పులుంటే ఉన్నదున్నట్టు చెప్పండి అని రాసింది.

అడిగింది తప్పులు. కావలసింది పొగడ్తలు.

వచ్చాయి. గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. ముసలమ్మ గది ముద్దొస్తోందని ఒకామె రాసింది. మెట్లు అదిరిపోయాయని ఇంకొకడు రాశాడు.

కూర్మయ్య అనే పేరుతో మాత్రం ఒక ముక్క వచ్చింది.

“ఈ మెట్ల మీంచి మంచం దిగదు.”

శ్రావణికి అర్థం కాలేదు. మంచం పైనే చేయిస్తాం, దింపే పని లేదని జవాబిచ్చింది.

“మనిషితో సహా దింపాల్సిన రోజు వస్తాది.”

గ్రూపంతా ఛీకొట్టింది. శుభమా అంటూ ఇల్లు చూపిస్తే శవం మాట ఎత్తుతాడేమిటని తిట్టారు. మా ఆటలో చచ్చినవాళ్ళు పొగైపోతారు తాతా, మొయ్యక్కర్లేదు అని ఒకడు రాశాడు. దానికి పడ్డన్ని బొమ్మలు శ్రావణి ఇంటికి కూడా పడలేదు.

గ్రూపు నడిపే వినోద్ ధర్మేంద్ర స్నేహితుడే. ఆ ముసలాడు ఆట ఆడడని, ఒక్క ఇల్లూ కట్టలేదని, ఎవరేం పెట్టినా మెట్ల మీద పడి ఏడుస్తాడని చెప్పాడు. గ్రూపులోంచి గెంటేశాడు.

పీడ వదిలిందనుకున్నారు.

మేస్త్రి ఆటలో ఉన్నట్టే కట్టాడు. నీలం రంగూ అదే. దేముడమ్మని చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. షాపు తెరిచిన రోజు వచ్చినవాళ్ళు కొబ్బరిముక్కలు తిన్నారు, టైర్లు మెచ్చుకున్నారు. ముసలామె ఏదని ఒక్కడూ అడగలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం దేముడమ్మకి గుండె పట్టేసింది.

అంబులెన్సు వెంటనే వచ్చింది. స్ట్రెచరు మొదటి మలుపులోనే ఇరుక్కుంది. ఏటవాలుగా పెట్టారు, నిలబెట్టారు, తిరగలేదు. కుర్చీ తెచ్చారు. అదీ తిరగలేదు. ఆఖరికి ఆమెని దుప్పట్లో మూటకట్టారు. కొడుకు తలవైపు పట్టుకున్నాడు. దిగుతున్నంతసేపూ ఆమె మోచేతులు ఇనప కమ్మీలకి కొట్టుకున్నాయి.

ఆస్పత్రి చేరేసరికి ఏమీ మిగల్లేదు. కాస్త ముందు తెస్తే బతికేదన్నాడు డాక్టరు.

అప్పుడైనా ఆ మొగుడూపెళ్ళాలకి మెట్లు కనపడలేదు. కూర్మయ్య నోరు కనపడింది.

“ఆడి నాలిక మీద మచ్చుంటాది బావా. ఆడన్నాడు, అయిపోనాది,” అంది శ్రావణి.

డిగ్రీ చదివిన పిల్ల. ఫోన్లో మేడలు కట్టగలదు.

పెద్దకర్మ అయ్యాక ధర్మేంద్ర వినోద్ దగ్గర ఆచూకీ తీశాడు. నెల్లిమర్ల, జూట్ మిల్లు వెనక వీధి. ముసలాణ్ణి నడివీధిలో నిలబెట్టి నాలుక చాపిస్తానని పెళ్ళానికి చెప్పి బయల్దేరాడు.

కూర్మయ్య గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటున్నాడు.

ధర్మేంద్ర ఊరు చెప్పాడు, పేరు చెప్పాడు, జరిగింది చెప్పాడు. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. ఎవరూ ఆపలేదు.

“మాయమ్మని సంపింది నీ నోరే,” అన్నాడు చివరికి.

ముసలాడు చేతిలో కాయ చేటలో పెట్టాడు.

“ఎలాగ దింపినారు?” అని అడిగాడు.

ధర్మేంద్ర ఆ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు.

“దుప్పట్లో,” అన్నాడు.

ముసలాడి మొహం చూడలేక తలెత్తాడు. ఆ ఇంటికీ మేడ మీద ఒక గది ఉంది. గది తలుపుకి తాళం ఉంది. మెట్లు లేవు. గోడ పక్కన ఇనప స్తంభం ఒకటి, దాని చుట్టూ కోసేసిన మెట్ల మొండి ముక్కలు మాత్రం ఉన్నాయి.

“మా ఇంటిదాన్ని సీరలో దింపినాను,” అన్నాడు కూర్మయ్య.