వేసవిలోపు రోడ్డెక్కాలి

“ఈ డొక్కు మన ఇంటికొస్తే నేను మా అక్క ఇంటికి పోతాను. ముందే చెప్తున్నా,” అంది ఆవిడ, షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయి.

“పోదువుగానిలే. దీన్లోనే దింపుతా,” అన్నాడు ఆయన, కారు చుట్టూ మళ్ళీ ఒక ప్రదక్షిణ చేస్తూ.

అది కారని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. రంగు పొరలు పొరలుగా ఊడిపోయింది. ఒక తలుపును తాడుతో కట్టేశారు. లోపలి సీట్లను ఎలుకలు ఎప్పుడో వాటాలు వేసుకున్నాయి. ఇనప సామాను వర్తకుడు మాత్రం దాని బానెట్ మీద చెయ్యేసి, సొంత కూతుర్ని పొగుడుకున్నట్టు పొగుడుతున్నాడు.

“మీరు కాబట్టి ఈ రేటుకిస్తున్నా సార్. ఇంతకన్నా చవగ్గా తుక్కు కూడా దొరకదు.”

“మరి ఇదేంటట?” అంది ఆవిడ.

ఆయన రేడియోలు బాగుచేసి బతికిన మనిషి. మూగబోయిన రేడియో చేతికొస్తే అది మాట్లాడేదాకా ముద్ద దిగేది కాదు. ఆ కళ్ళు ఇప్పుడు ఈ కారు మీద పడ్డాయి. మామూలుగా అయితే ఆవిడ రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయేదే. ఇవాళ చెయ్యి రాలేదు. ఎలా వస్తుంది?

పోయిన వారం మొగుడూ పెళ్ళాలిద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. డాక్టరు పరాయివాడు కాదు, స్వయానా మరిది. అన్నను మందుల షాపుకి పంపి, వదినను గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. “నీకేం ఫరవాలేదు వదినా. అన్నయ్యే... వేసవి దాటడు. ఆయనతో మాత్రం అనకు. తెలిస్తే ఉన్న నాలుగు రోజులూ బతకలేడు.” ఆ ఇంటి పద్ధతే అంత. జబ్బుమనిషి చెవిన చెడు మాట పడనివ్వరు. అప్పటినుంచీ ఆవిడ ఆ మాటను కడుపులో దాచుకుని తిరుగుతోంది. ఏడుపొస్తే కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తోంది.

మిగిలిన కాస్త కాలం ఆయన ఈ ఇనుము కింద, చల్లటి సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని గడిపేస్తాడా? తన పక్కన కూర్చోవద్దూ? పోనీ గట్టిగా వద్దంటే, ఎందుకొద్దంటోందో మొహం చూసి పట్టేయడూ?

“బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?” అడిగాడు ఆయన.

“తీరుబడిగా చేసుకుంటే రెండేళ్ళు సార్. మీకూ కాలక్షేపం.”

“రెండేళ్ళా! వేసవిలోపు రోడ్డెక్కాలయ్యా!”

వేసవి అనే ఎందుకన్నాడు? తెలిసిపోయిందా? ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చప్పున చూపు తిప్పుకుని, తుప్పు పట్టిన మడ్‌గార్డును గోటితో గీకసాగాడు.

“ఏమంత తొందరండీ? వెనకాల ఎవరైనా తరుముతున్నారా?” అంది ఆవిడ.

“బస్సెక్కితే వాంతులు, కారైతే సముద్రం చూడ్డానికొస్తానని నా ప్రాణం తీసింది నువ్వు కాదూ?”

“అయ్యో రామా! అదెప్పటి మాట! అప్పుడు నాకు జడ కూడా నల్లగా ఉండేది.”

“ఇప్పుడు మాత్రం నీ జడకేమొచ్చింది?” అన్నాడు ఆయన.

బయట వాన పట్టుకుంది. రేకుల మీద చినుకులు టపటపా పడుతున్నాయి. ఆవిడ ఆ పనికిమాలిన కారును మళ్ళీ చూసింది. చేతిలో పనుంటే మనిషికి పొద్దున్నే లేవాలనిపిస్తుంది. ఆ పాటి ఆశైనా ఉండనీ. ఆ తరవాత సగం విప్పిన కారును చూసుకుంటూ తనెలా బతకాలో, అది తన ఖర్మ.

“సరే, కొనండి,” అంది. “కానీ ఒక్కరే చేస్తానంటే ఒప్పుకోను. సీట్లు నేను కుడతాను. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టినదాన్ని, ఈ నాలుగు సీట్లూ కుట్టలేనా?”

ఆయన సంబరపడతాడనుకుంది. ఎందుకో ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

“నువ్వేం కుట్టక్కర్లేదు,” అన్నాడు చివరికి, విసురుగా. “నువ్వు కూర్చో, చాలు. అన్నీ నేను చూసుకుంటాను.”

ఆ విసురుకి ఆవిడకి దుఃఖం ఆగలేదు. మొహం కడుక్కొస్తానని చెప్పి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తిప్పి, కొంగు నోట్లో కుక్కుకుని, తనివితీరా ఏడ్చింది. ఏడుపు తగ్గాక మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని వెనక్కి బయల్దేరింది. రేకు గోడకి అవతల వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

“పనివాళ్ళని పెట్టి పరుగుల మీద చేయిస్తే తడిసి మోపెడవుతుంది సార్,” అంటున్నాడు వర్తకుడు. “సరదాకి మీరే చేసుకుంటానన్నారు కదా! ఇప్పుడీ తొందరేంటి?”

“సరదా ఎవడిక్కావాలయ్యా!” అన్నాడు ఆయన. “దాన్ని ఈ కార్లో కూర్చోబెట్టి ఒక్కసారి సముద్రం చూపించాలి. డాక్టరు మా తమ్ముడే. నన్ను విడిగా గదిలోకి పిలిచి, ‘నీకేం ఫరవాలేదు అన్నయ్యా, వదినే వేసవి దాటదు, తనతో మాత్రం అనకు’ అన్నాడు.”