తారులో అడుగులు

"అక్కడ గడ్డపార వేయొద్దు!"

నాచ్చియారమ్మ అరుపుకు కూలీలందరూ చేతులు ఆపేసినారు.

గేటు నుంచి ఇంటి తిన్నె దాకా పోయే తారు దారి అది. యుద్ధం జరిగినన్నాళ్ళూ తారు దొరకలేదు. దూది బండ్లు తిరిగి తిరిగి దారంతా గుంటలే. ఇప్పుడు యుద్ధం ముగిసింది, తారు పీపాలు వచ్చినాయి. పాత తారంతా పెళ్ళగించి, జల్లి కంకర పరిచి, కొత్తగా పోయాలని ఆమె కొడుకు మాధవ పని పెట్టించినాడు.

సగం దారి లేచింది. తిన్నె దగ్గరికి వచ్చేసరికి ఈ గొడవ.

"ఏముందమ్మా అక్కడ?" అన్నాడు మేస్త్రి పాండురంగన్. మదురై నుంచి వచ్చినవాడు, పాపం, అతనికేం తెలుసు?

"కళ్ళు తెరిచి చూడు. మా ఊరి కావలి దేవుడు కరుప్పసామి అడుగులు!"

చూసినాడు. పాత తారులో లోతుగా దిగిన రెండు పాదాలు. వాటి మీద పసుపు, కుంకుమ, కర్పూరం కాలిన మసి.

మాధవ నిట్టూర్చినాడు. ఈ కథ వినీ వినీ విసిగిపోయినాడు అతను.

మొదటిసారి ఈ దారి వేసినప్పుడు అతనికి నాలుగేళ్ళు. జల్లి కుప్ప ఎక్కి, జారి, అప్పుడే పోసిన తారులో పడబోయినాడు. ఒకటే పొగ. తల్లి తిన్నె మీద నుంచి కేక పెట్టేలోపలే, పొగలో నల్లటి ఆకారం ఒకటి మసిలే తారులో నడిచి వచ్చి, బిడ్డను ఎత్తి ఆమె ముందర పెట్టింది. పొగ విడిచి చూస్తే ఎవరూ లేరు. అడుగులున్నాయి.

"మసిలే తారులో మనిషి నడుస్తాడా? సామి కాక ఇంకెవరు?" అనింది నాచ్చియారమ్మ అత్తగారు.

అంతే. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం ఆ అడుగుల మీద కర్పూరం. ఒక్క వారం తప్పితే కొడుక్కేమవుతుందోనని నాచ్చియారమ్మకు వణుకు. రాత్రిళ్ళు తిన్నె కింద ఎవరో నడిచిన చప్పుడు వినిపించేది ఆమెకు. సామి కావలి తిరుగుతున్నాడని పడుకున్నచోటే చేతులు జోడించేది.

"ఆ ఒక్క ముక్కా వదిలేస్తే దారి ఎట్లా కుదురుతుందమ్మా?" అన్నాడు మాధవ.

"నువ్వు ఉండేదే వాటి వల్ల. అవి పోతే నువ్వు..."

ఆమెకు ఒక్కగానొక్క కొడుకు మరి.

అప్పుడే గేటు దగ్గర ఒంటెద్దు బండి వచ్చి ఆగింది. తోలుకొచ్చినవాడు దిగి దండం పెట్టినాడు.

"సేత్తూరు నుంచి వస్తున్నామమ్మా. నా పేరు రామలింగ. బండిలో ఉండేది నా చెల్లెలు పాప్పమ్మాళ్. దారి తవ్వుతున్నారని విని, మీతో ఒక మాట చెప్పాలని ఒకటే పట్టు పట్టింది."

బండిలో గోనె పట్టా మీద ఎండిపోయిన మనిషి ఒకామె కూర్చుని ఉంది. ఆమె చూపు మాధవ మీద నిలిచిపోయింది.

"చిన్నయ్య ఎంత పొడుగు పెరిగినాడు!" అని నోరారా నవ్వింది.

నాచ్చియారమ్మ చప్పున కొడుక్కు అడ్డం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి బిడ్డను అట్లా చూస్తే దిష్టి తగలదా?

"వచ్చిన పని చెప్పు."

"ఆ అడుగులు కూడా పెళ్ళగించేయండి తల్లీ. మీకు పుణ్యముంటుంది."

"ఏమంటివి?"

"అవి సామివి కావు తల్లీ. అవి..."

"మూయి నోరు! నా కొడుకు బతికుండేది చూసి ఓర్వలేకపోతివా?"

"చెప్పనీమ్మా, విందాం," అన్నాడు మాధవ. ఎవరు వింటారు?

నాచ్చియారమ్మ లోపలికి పరిగెత్తి కర్పూరం తెచ్చింది. దిష్టంతా కాలిపోవాలని గుప్పెడు కర్పూరం అడుగుల మీద పోసి వెలిగించింది.

గేటు దగ్గర పాప్పమ్మాళ్ కెవ్వున అరిచింది.

"చూసినారా! పేయి పట్టినదే ఇది!" అనింది నాచ్చియారమ్మ.

ఒంట్లో దయ్యం ఉంటే సామి కర్పూరానికి ఓర్చుకోలేదని ఎవరికి తెలియదు? కూలీలు కూడా జడిసి వెనక్కి జరిగినారు.

"ఆర్పండమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటా, ఆర్పండి!" రామలింగ మొత్తుకున్నాడు.

ఆమె ఇంకొక గుప్పెడు వేసింది. మంట మోకాలెత్తు లేచింది. పాత తారు కరిగి పొగ కమ్మింది.

మాధవ పరిగెత్తి తట్టెడు మట్టి తెచ్చి మంట మీద పోసినాడు. అప్పటికే గేటు దగ్గర అరుపు ఆగిపోయింది.

"హమ్మయ్య, దిగిపోయింది," అనింది నాచ్చియారమ్మ. "ఇంత విబూది తీసుకుపోయి పూయండి."

రామలింగ బండిలోకి వంగి చెల్లెలి చెంప తట్టినాడు. మళ్ళీ తట్టినాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి ఆమె మొహం మీద కప్పినాడు.



"ప్రతి శుక్రవారమూ ఇదేనమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మీరు ఇక్కడ కర్పూరం వెలిగిస్తే, అక్కడ సేత్తూరులో దీనికి అరికాళ్ళు కాలేవి. పోయి చెప్దాం అంటే, ఆ తల్లి బిడ్డ కోసం మొక్కుకుంటుంది, పోనీలే అన్నా, అనేది. దారే తవ్వేస్తున్నారని విన్నాక ఆశపడి వచ్చింది."

"దీనికి... దీనికెందుకు కాలాల?" అనింది నాచ్చియారమ్మ.

రామలింగ ఆమె వైపు చూడలేదు. మాధవ వైపు చూసినాడు.

"ఆ రోజు ఇక్కడ జల్లి మోసే కూలికి వచ్చింది చిన్నయ్యా. బిడ్డ పడబోయినందుకు మీవాళ్ళు తంతారని జడిసి, అప్పటి మేస్త్రి ఆ పొగలోనే దీన్ని మోసుకుపోయి బండెక్కించేసినాడు. మిమ్మల్ని ఎత్తి తిన్నె మీద పెట్టినాక, నా చెల్లెలు మళ్ళీ నడవనే లేదు."