రాగిరేకు మీద దాత పేరు

"స్వామి ఎడమచేత్తో దీవించడమేంటమ్మా? అపచారం!" రాగిరేకు మీదికి వంగిన భీమారావు గట్టిగా కేకేశాడు. హాలిఫాక్స్ తెలుగు సంఘానికి ఆయన అధ్యక్షుడు.

నలభై ఏళ్లుగా చర్చి చిత్రాలనే రాగిలో చెక్కుతున్న ఫ్రెంచి ముసలాయన మార్సెల్, ఎనిమిది నెలలు కష్టపడి సంఘం కోసం చెక్కిన తొలి వేంకటేశ్వరుడి బొమ్మ అది. ఆయన బిక్కమొహం వేసి, తెలుగు మాటలు ఫ్రెంచిలో చెప్పడానికి వచ్చిన విద్యార్థిని ధాత్రి వైపు చూశాడు.

"ఇది అచ్చు వేసే రేకు అంకుల్. కాగితం మీద తిరగబడి కుడిచెయ్యి అవుతుంది."

"ఏమో! స్వామిని ఎలాగూ చెక్కేశాడు. కింద దాతగా నా పేరైనా తిన్నగా చెక్కమను, పెద్దక్షరాలతో. రిస్క్ వద్దు."

"అప్పుడు పేరు తిరగబడుతుంది..."

"నువ్వు ట్రాన్స్‌లేట్ చెయ్యమ్మా, చాలు."

ధాత్రి చేసింది. మార్సెల్ "తిన్నగానేనా?" అని రెండుసార్లు అడిగి మరీ, ఆమె రాసిచ్చిన అక్షరాలను సాయంత్రానికల్లా స్వామి పాదాలకు ఆనించి చెక్కాడు. సిరా పూసి, తడికాగితం పరచి, మర తిప్పాడు.

కాగితం మీద స్వామి కుడిచేత్తో చల్లగా దీవిస్తున్నాడు. భీమారావు పేరొక్కటే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

"అరగదీసి మళ్లీ చెక్కమను!"

"పేరు అరగదీస్తే స్వామి పాదాలు కూడా పోతాయి అంకుల్."

"పోతే పోనీ. పాదాల మీద దండ వేసి కప్పేద్దాం. పేరు ముఖ్యం."

"ఏమంటున్నారు?" మార్సెల్ ఫ్రెంచిలో ఆశగా అడిగాడు.

ధాత్రి రేకు మీది స్వామి పాదాల వైపు చూసి, ఫ్రెంచిలో చెప్పింది.

"చాలా బాగుందట. ఇలాగే ఉంచమంటున్నారు."

మార్సెల్ కళ్లు తుడుచుకుని, మిగిలిన రెండువందల కాగితాలూ వరసగా అచ్చు వేయసాగాడు.